బండి కొడుకుది, కార్డు అవ్వది

(ధర్మపురిలో చేసిన స్మారకోపన్యాసం పాఠం. వేదిక మీద మాట్లాడినదాన్ని అచ్చు కోసం కొద్దిగా సరిచేశాను.)



వకీల్ సాబ్ జ్ఞాపకంగా ఏటా ఒక ఉపన్యాసం పెడతామని ఆయన శిష్యులం అడిగినప్పుడు ఇంటివాళ్లు ఒక్క షరతు పెట్టారు. పొగడ్తలు వద్దు, పనికొచ్చే మాట ఒకటి చెప్పి దిగిపొండి అన్నారు. కాబట్టి ఆయన పేరు కూడా ఎత్తను. ఊరంతా పిలిచినట్టే వకీల్ సాబ్ అంటాను.

ఆయన దగ్గర నేను పదకొండేళ్లు జూనియర్‌గా ఉన్నాను. మోటారు కేసు ఏదొచ్చినా ఎఫ్‌ఐఆర్ చేతికి తీసుకోకముందే ఆయన అడిగే ప్రశ్న ఒకటుండేది. "బండి ఎవరి పేరు మీదుందిరా?" బండి నడిపినవాడు మోకాలికి కట్టుతో ఎదురుగానే నిలబడి ఉంటే కాగితం మీది పేరుతో పనేంటని మొదట్లో నాకు విసుగనిపించేది. ఈ సాయంత్రం ఆ ప్రశ్న మీదే మాట్లాడతాను. రోడ్ల మీద బైకు విన్యాసాలు, వాటి చట్టపరమైన పర్యవసానాలు అని ఆహ్వానపత్రంలో వేశారు. పిల్లల భాషలో అయితే వీలీ. ముందు చక్రం లేపుడు.

ధర్మపురికి వచ్చినవాళ్లకు యమపురి ఉండదని మన పెద్దల మాట. నరసింహస్వామి సన్నిధిలోనే యమధర్మరాజుకూ గుడి ఉన్న ఊరు ఇది. ఇక్కడ పుట్టినవాళ్లకు ఆయనంటే భయం కన్నా చనువు ఎక్కువేమో అనిపిస్తుంది. అయితే పెద్దలు ఆ మాట గోదావరిలో మునిగి గుడికి వచ్చేవాళ్లను చూసి అన్నారు. అరవై మూడో నంబరు జాతీయ రహదారి మీద ఒంటి చక్రంతో వచ్చేవాళ్లు వాళ్ల లెక్కలో లేరు. రోడ్డు ఏం చేయగలదో మన జిల్లాకు ఒకరు వచ్చి చెప్పనక్కర్లేదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా పోయారు. ఆ పొద్దు ఏ ఊళ్లో ఎన్ని పాడెలు లేచాయో ఈ హాల్లో చాలామందికి గుర్తే.

ఇక అసలు సంగతి. కోరుట్ల వైపు ఒక పల్లె నుంచి ఒకామె వకీల్ సాబ్ దగ్గరికి వచ్చింది. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. బీడీలు చేస్తుంది. చూపుడువేలి కొస కాయగాసి ఉంది. కొంగు ముడి విప్పి ఒక పాలిథిన్ కవరు తీసింది. అందులో బీడీల పాస్‌బుక్కు, ఆధార్, బండి ఆర్‌సీ కార్డు. ఆమె భర్త గల్ఫ్‌లో ఉన్నాడు. కొడుకు కాలేజీకి పోవడానికి కిస్తుల మీద బండి తీసుకున్నారు. షోరూములో సంతకం పెట్టడానికి ఊళ్లో ఉన్నది ఆమే కాబట్టి ఆమె పేరు మీద రాశారు. కొడుక్కి పదిహేడేళ్లు. ఊరి బయట తారు రోడ్డు మీద వీలీ చేశాడు, దోస్తు వీడియో తీశాడు, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నాలుగో రోజు పోలీసులు ఇంటికొచ్చారు. కొడుకు పేరుతో పాటు ఈమె పేరు కూడా రాసుకున్నారు.

ఆమె కూర్చోలేదు. నిలబడే అంది. "సార్, నాకు సైకిల్ తొక్కుడు గూడ రాదు. నేనేం జేసిన?"

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. దానికి 2019లో పెద్ద సవరణ జరిగింది. అప్పుడు చేరిన 199ఏ సెక్షన్ ఆమె ప్రశ్నకు జవాబు. మైనరు బండి మీద నేరం చేస్తే అతని సంరక్షకుడో బండి యజమానో ఆ నేరం చేసినట్టే చట్టం లెక్కిస్తుంది. మూడేళ్ల వరకు జైలు, దానితో పాటు 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్లు నిండేదాకా లైసెన్సు రాదు, లెర్నర్స్ కూడా ఇవ్వరు. బండి పెద్దవాళ్ల సమ్మతితోనే బయటికి వచ్చిందని కోర్టు ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకునే భారం పెద్దవాళ్లదే. నాకు తెలియకుండా జరిగింది అనో, జరగకుండా తగిన జాగ్రత్తంతా తీసుకున్నాను అనో చూపించగలిగితేనే బయటపడతారు.

వకీల్ సాబ్ ప్రశ్న నాకు అర్థమైంది ఆ రోజే. మన దగ్గర బండి కొడుకుది, కార్డు అవ్వది, డబ్బు బాపుది, బాపు దుబాయిలో. చట్టం వచ్చి తలుపు కొడితే తీసేది అవ్వ ఒక్కతే.

పద్దెనిమిది నిండినవాడి సంగతి వేరు. వాడి నేరం వాడి మీదే ఉంటుంది. శిక్షల పట్టికంతా చదివి మిమ్మల్ని విసిగించను, ముఖ్యమైనవి చెబుతాను. ప్రమాదకరంగా నడిపితే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద మొదటిసారి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదంటే 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు లేదా 10,000 రూపాయలు. రోడ్డు మీద పందెం పెట్టుకుంటే 189వ సెక్షన్. మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 జరిమానా, రెండోసారి ఏడాది దాకా, లేదా 10,000. ఇవి గాక 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షన్ ఉంది. జనం తిరిగే దారిలో దూకుడుగా నడిపి ఇతరుల ప్రాణాన్ని ప్రమాదంలో పెడితే ఆరు నెలల దాకా జైలు. ఎవరికీ గీత కూడా పడనక్కర్లేదు, ప్రమాదంలో పెట్టడమే నేరం. సైలెన్సర్ పీకేసి పటాకులు పేలినట్టు చప్పుడు చేయించినవాడికి 190వ సెక్షన్. బండి స్వరూపం మార్చిన యజమానికి 182ఏ. అక్కడ కూడా చట్టం వెతికేది యజమానినే, అంటే కార్డు మీది పేరునే.

లైసెన్సు సంగతి కూడా చూడండి. ఈ నేరాల్లో దొరికితే పోలీసు అధికారి లైసెన్సు తీసుకుని రవాణా అధికారికి పంపాలని 206వ సెక్షన్ చెబుతుంది. 2023 సెప్టెంబరులో చెన్నై-బెంగళూరు హైవే మీద కాంచీపురం దగ్గర ఒక పేరున్న యూట్యూబర్ వీలీ చేయబోయి పడ్డాడు. లక్షల మంది చూసే చానెల్ ఆయనది. అరెస్టయ్యాడు, ఆ తర్వాత పదేళ్లపాటు బండి నడపడానికి అనర్హుడని రవాణా శాఖ తేల్చింది. వీడియోలో చూపించడానికి నడిపినవాడు పదేళ్లు నడపడానికే లేకుండా పోయాడు.

వీడియో మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. వెనకటి రోజుల్లో ఇలాంటి కేసు నిలబెట్టడానికి పోలీసులు సాక్షుల కోసం ఊరంతా తిరిగేవారు. ఇప్పుడు నిందితుడే నంబరు ప్లేటు కనబడేలా, మంచి వెలుతురులో, పాట జోడించి సాక్ష్యాన్ని లోకానికి పెడుతున్నాడు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేస్తే ఆ వీడియో కోర్టులో చెల్లుతుంది. యముడి పక్కన చిత్రగుప్తుడు ఎందుకున్నాడో మన పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. చెప్పినా, చిట్టా వీళ్లే రాసిస్తున్నారు కాబట్టి ఆయనకు పెద్ద పనేం లేదు.

ఇక్కడ మీలో ఒక కుర్రవాడు లేచి అడగవచ్చు. సాహసం తప్పా సార్? తప్పు కాదు బిడ్డా. నా చిన్నప్పుడు మా ఊరికి గడసాము ఆడేవాళ్లు వచ్చేవారు. వాళ్లు మొదట ఊరి పెద్దను అడిగేవారు. తర్వాత డప్పు కొట్టి జనాన్ని పిలిచేవారు. పిల్లల్ని వెనక్కి జరిపి గిరి గీసేవారు. ఆ తర్వాతే గడ ఎక్కేవారు. పడితే పడేది గిరి లోపలే. నాంపల్లి నుమాయిష్‌లో మౌత్ కా కువా చూసే ఉంటారు. చెక్క బావిలో నిట్టనిలువు గోడ మీద మోటారు సైకిల్ తిరుగుతుంది. దాని చుట్టూ గోడ ఉంది, లోపల తిరిగేవాడికి తను ఏం చేస్తున్నాడో తెలుసు, పైనుంచి చూసేవాడు టికెట్ కొని వచ్చాడు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో ఫార్ములా-ఈ కార్ల పందెం జరిగింది. అదీ మామూలు రోడ్డే, హుస్సేన్‌సాగర్ ఒడ్డున రోజూ ఆటోలు తిరిగే రోడ్డు. రోజుల ముందే దారులు మళ్లించి, రెండు వైపులా అడ్డుగోడలు కట్టి, సర్కారు అనుమతితో నడిపారు. 189వ సెక్షన్ అడిగే రాతపూర్వక అనుమతి వెనక ఉన్నది గడసాము వాళ్ల గిరే.

మరి రాయపట్నం వంతెన మీద సాయంత్రం పూట ముందు చక్రం లేపినవాడు ఎవరిని అడిగాడు? ఎదురుగా టీవీఎస్ ఎక్సెల్ మీద పాల క్యాన్లు వేసుకుని ఒక రైతు వస్తున్నాడు. వెనక ఒకామె పిల్లను ఒళ్లో పెట్టుకుని మొగుడి బండి మీద కూర్చుంది. వాళ్లు ఆట చూడటానికి రాలేదు. వాళ్లకు తెలియకుండానే వాళ్లు గిరి లోపల ఉన్నారు.

ఇంకొక మాట తరచూ వింటాం. ఏదన్నా అయితే "యాక్సిడెంట్ అయింది" అంటారు. వీలీకి ఆ మాట అంత తేలిగ్గా అతకదు. బండి ఆపడంలో ఎక్కువ పని ముందు బ్రేకుది. దారి మళ్లించేది ముందు చక్రం. చక్రం గాలిలో ఉన్నంతసేపు ఆ రెండూ లేవు. గంటకు అరవై కిలోమీటర్ల వేగమంటే సెకనుకు పదహారు మీటర్ల పైమాట. మూడు సెకన్లు చక్రం లేపి ఉంచితే, యాభై మీటర్ల రోడ్డును హ్యాండిల్ లేని బండికి అప్పగించినట్టే. ఇది నడిపేవాడికి తెలియదా? సాంచె, అంటే మరమగ్గం, నడుస్తుంటే చేయి పెట్టొద్దని సిరిసిల్లలో అయిదేళ్ల పిల్లకూ తెలుసు.

చట్టం సరిగ్గా ఈ తెలియడం దగ్గరే ఆగి చూస్తుంది. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు. పాత శిక్షాస్మృతిలో అది రెండేళ్లే. ప్రాణం పోవచ్చని తెలిసీ చేశాడని తేలితే 105వ సెక్షన్ కింద పదేళ్ల దాకా. 2006 నవంబరులో ముంబయిలో ఒకడు తాగి నడిపిన కారు పేవ్‌మెంటు ఎక్కి నిద్రపోతున్న ఏడుగురు కూలీల ప్రాణం తీసింది. ఆ కేసులో 2012లో సుప్రీంకోర్టు దాన్ని ఉత్త నిర్లక్ష్యంగా చూడటానికి ఒప్పుకోలేదు. తెలిసి చేసిన ప్రాణహాని కిందే శిక్షను నిలబెట్టింది. ప్రతి వీలీ కేసూ అక్కడిదాకా పోతుందని నేననను. కానీ ఆ దారి తెరిచే ఉంది. వీలీ చేసినవాడి వీడియోనే వాడికి తెలుసు అనడానికి మొదటి కాగితం అవుతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. బీమా ఉంది కదా అంటారు. 2014 జూన్‌లో కర్ణాటకలో అరసీకెరెకు పోయే దారిలో ఒక వ్యక్తి విపరీతమైన వేగంతో, దూకుడుగా కారు నడిపి అది పల్టీ కొట్టడంతో చనిపోయాడు. కుటుంబం 80 లక్షల పరిహారం అడిగింది. ట్రిబ్యునల్ కాదంది, కర్ణాటక హైకోర్టు కాదంది, 2025 జులైలో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. తన తప్పు వల్లే తాను పోయినవాడి వారసులకు ఆ తప్పు మీదే పరిహారం రాదు. నడిపినవాడు పోయాడు, రాని డబ్బు బతికున్నవాళ్లది.

వాడి బండి ఇంకొకరికి తగిలితే? ఆ బాధితుడికి పరిహారం ముందు బీమా కంపెనీ ఇస్తుంది. నడిపినవాడికి లైసెన్సు లేదని, బండి ఇచ్చినవాళ్లకు ఆ సంగతి తెలుసని తేలితే కంపెనీ ఆ మొత్తాన్ని యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని స్థిరపరిచింది. కాలు పోయిన ఒక కూలీకి ట్రిబ్యునల్ లక్షల్లో లెక్కగడితే యజమాని ఎక్కడినుంచి తేవాలి? యజమాని అంటే మళ్లీ ఆ పాలిథిన్ కవరే.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల్లో కేసు కన్నా ఎక్కువ భయపడాల్సింది ఇంకొకటి ఉంది. గల్ఫ్‌కు పోయినవాడు లేని వాడకట్టు మన దగ్గర ఏది? పాస్‌పోర్టుల చట్టం 1967, ఆరో సెక్షన్ ప్రకారం క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తున్నవాడికి పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. కావాలంటే ఆ కోర్టు నుంచే అనుమతి తెచ్చుకోవాలి. జరిమానాతో ముగిసిపోయే కేసే కావచ్చు. అది వాయిదాల మీద వాయిదాలు పడుతుంటే వీసా గడువు ఎవరి కోసమూ ఆగదు. పదిహేడేళ్లకు దొరికినవాడికి ఇరవై ఐదు దాకా లైసెన్సే లేకపోతే గల్ఫ్‌లో డ్రైవర్ పని కూడా ఉండదు. మన పిల్లల్లో ఎంతమంది ఆ ఒక్క పని మీద ఆశతోనే ఉన్నారో మీకు తెలుసు.

కానిస్టేబుల్ కొలువు కోసం తెల్లవారుజామున గ్రౌండులో పరిగెత్తే పిల్లలకూ ఒక మాట. ధ్రువీకరణ ఫారంలో మీ మీద కేసులున్నాయా అని అడుగుతారు. చిన్న కేసే కదా అని లేదని రాయకండి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం చిన్నతనంలో చేసిన చిన్న తప్పును ఉద్యోగమిచ్చేవాళ్లు మన్నించే వీలుంది. దాచితే ఆ వీలు చాలావరకు పోతుంది.

ఇంతా చెప్పి చట్టాన్ని పొగిడి కూర్చుంటే వకీల్ సాబ్ ఒప్పుకోరు. 199ఏ సెక్షన్ అన్ని ఇళ్లలో ఒకేలా పడదు. తండ్రి ఇంట్లో ఉండి, తానే కొనిచ్చి, కొడుకు చక్రం లేపుతుంటే మురిసిపోయే ఇల్లు ఒకటి. తండ్రి సముద్రం అవతల, తల్లి రోజుకు ఇన్ని బీడీలని లెక్కపెట్టుకుంటూ చాట ముందు నుంచి లేవని ఇల్లు ఇంకొకటి. రెండింటికీ ఒకే అనుమానం, ఒకే రుజువు భారం. పదిహేడేళ్ల కొడుకు తల్లి మాట వింటాడని చట్టం అనుకున్నంత ధైర్యంగా ఏ తల్లీ అనుకోదు. సమ్మతి ఉందని ముందే అనుకునే ఈ నియమం మీద శాసనకర్తలు, న్యాయమూర్తులు ఇంకోసారి ఆలోచించాలని నా మనవి. పోలీసు మిత్రులకూ ఒక మనవి. పిల్లవాణ్ని స్టేషన్‌లో గోడకు నిలబెట్టి కెమెరా ముందు గుంజీళ్లు తీయిస్తే వాడికి ఇంకో రీల్ దొరుకుతుంది, అంతే. చట్టం చెప్పిన పని చేయండి, అది చాలినంత కఠినంగానే ఉంది.

అయితే చట్టం మారేదాకా ఇళ్లు ఆగలేవు. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో నూటికి నలభై నాలుగు మందికి పైగా రెండు చక్రాల మీద వెళ్లినవాళ్లే. హెల్మెట్ లేక పోయినవాళ్లే యాభై వేల మంది. అందులో ప్రతి బండికీ ఒక తాళంచెవి ఉండే ఉంటుంది.

తాళంచెవి అన్నది ఊరికే కాదు. ఆ రోజు ఆమె "నేనేం జేసిన" అన్నాక వకీల్ సాబ్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు. "అమ్మా, బండి తాళంచెవి యాడ పెడ్తవు?"

ఆమె వెంటనే చెప్పింది. "తలుపు పక్కన మేకుకు సార్. ఆయన ఫొటో కింద."

"ఎవలైన తీస్కోవచ్చా?"

"మా పోరడే తీస్కుంటడు. ఇంకెవలు తీస్కుంటరు?"

వకీల్ సాబ్ నా వైపు చూశారు. తగిన జాగ్రత్త అని చట్టం రాసిన రెండు ముక్కలకు అర్థం ఆ మేకు దగ్గర ఉందని ఆయన చూపుతోనే చెప్పారు. కేసు ఎలా ముగిసిందో చెప్పడం నా వృత్తికి తగదు. కానీ ఆ తర్వాత పిల్లల తల్లిదండ్రులు ఎవరొచ్చినా ఆయన రెండో ప్రశ్న అదే అయింది. బండి ఎవరి పేరు మీదుంది, తాళంచెవి ఎక్కడుంది.

పోయిన ఏడు వేరే పని మీద ఆ ఊరికి పోతే వాళ్లింటి ముందు ఆగాను. అరుగు మీద ఆమె బీడీలు చేస్తోంది. బండి మీద పాత పరదా కప్పి ఉంది. కొడుకు బస్సుకు టైమైందని భుజాన సంచీతో బయటికొచ్చి నన్ను చూసి తల వంచుకున్నాడు. ఇరవై ఐదుకు ఇంకా ఎన్నేళ్లో వాడికి నెలలతో సహా లెక్క తెలుసు. గోడకు మేకు ఉంది, పైన ఫొటో ఉంది, తాళంచెవి లేదు. ఎక్కడుందని నేను అడగలేదు. ఆమె తంబాకు చాట కొద్దిగా ఎత్తి, కింద ఉన్నదాన్ని చూపించి, మళ్లీ దించింది.